జీవపరిణామం పాఠం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

పదో తరగతి జీవశాస్త్రం మీద ప్రశ్నలు పంపమని కోరినప్పుడు, వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జీవపరిణామం గురించే ఉన్నాయి. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, విద్యార్థులు ముగ్గురూ రాశారు. ఒకే సందేహాన్ని ఇద్దరు ముగ్గురు అడిగినచోట కలిపి ఒకే ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి పరిణామాన్ని తొలగించారు కాబట్టి, మన పుస్తకంలో ఉన్న భాగాన్ని కూడా పైపైన చదివించి వదిలేస్తే చాలునని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. పరీక్షకు మిగతా పాఠాలే ముఖ్యమని వారి మాట. మీ అభిప్రాయం ఏమిటి?
– ఒక ఉపాధ్యాయిని, దేవరకొండ ప్రాంతం

సమాధానం: దయచేసి వదిలేయకండి. మీరు విన్నది నిజమే. కరోనా కాలంలో విద్యార్థులపై భారం తగ్గించే పేరుతో పక్కన పెట్టిన పరిణామాన్ని, 2022-23లో చేసిన సిలబస్ కుదింపులో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి నుంచి పూర్తిగా తీసివేసింది. అంతకు ముందు 'అనువంశికత, పరిణామం' అని ఉన్న అధ్యాయం ఇప్పుడు 'అనువంశికత'గా మాత్రమే మిగిలింది. ఇది తప్పుడు నిర్ణయమని, దాన్ని సరిదిద్దాలని కోరుతూ 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు, విద్యావేత్తలు బహిరంగ లేఖపై సంతకాలు చేశారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో పరిణామం ఎలాగూ ఉంది కదా అన్నది తొలగింపును సమర్థించినవారి ప్రధానమైన వాదన.

ఆ వాదన ఎక్కడ నిలవదో మీ తరగతి గదిలో కూర్చున్న పిల్లల్ని చూస్తే తెలుస్తుంది. పదో తరగతి దాటాక ఇంటర్‌లో బైపీసీ తీసుకునేవారికే జంతుశాస్త్రంలో జీవపరిణామం మళ్లీ ఎదురవుతుంది. ఎంపీసీకి, సీఈసీకి, పాలిటెక్నిక్‌కి, ఐటీఐకి వెళ్లేవారికి, చదువు ఆపి చేనుకో పనికో పోయేవారికి పదో తరగతి జీవశాస్త్రమే ఆఖరి జీవశాస్త్రం. రేపు వ్యవసాయం చేసేది, పంచాయతీలో కూర్చునేది, పిల్లల్ని పెంచేది వీరిలో చాలామంది. తమ పంటను తినే పురుగు ఎందుకు మారుతున్నదో, జ్వరానికి రాసిన మందు ఎందుకు పని చేయడం మానేసిందో అర్థం చేసుకునే అవకాశం వారికి మీ దగ్గరే దొరకాలి.

ఇంకో సంగతి. అనువంశికతను చెప్పి పరిణామాన్ని చెప్పకపోతే మెండెల్ బఠాణీల లెక్కలు వట్టి లెక్కలుగానే మిగిలిపోతాయి. జీవుల మధ్య వైవిధ్యం ఉంటుంది, అందులో కొంత వంశపారంపర్యంగా సంక్రమిస్తుంది, పుట్టిన ప్రతి జీవీ బతికి సంతానాన్ని కనలేదు. ఈ మూడూ ఒప్పుకుంటే తరతరానికీ జాతి లక్షణాల్లో మార్పు రావడం తప్పదు. 1858లో డార్విన్, వాలెస్ ఇద్దరి రచనలనూ లండన్‌లోని లిన్నేయన్ సొసైటీలో ఒకే రోజు చదివి వినిపించారు. వేర్వేరు దీవుల్లో తిరిగిన ఇద్దరు పరిశీలకులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఈ నిర్ధారణకు చేరుకున్నారని పిల్లలకు చెప్పండి. మార్కుల గురించి ఆందోళన చెందకండి, ఈ పాఠం బాగా అర్థమైన విద్యార్థికి అనువంశికత పాఠంలోని ప్రశ్నలన్నీ తేలికవుతాయి.

ప్రశ్న: మా అబ్బాయి మనిషి కోతి నుంచి పుట్టాడని బడిలో చెప్పారంటున్నాడు. మా ఊళ్లో కోతుల బెడద భరించలేకుండా ఉన్నాం. ఆ మాట నిజమైతే ఈ కోతులు ఇంకా కోతులుగానే ఎందుకున్నాయి? కోతి మనిషిగా మారగా చూసినవారు ఎవరైనా ఉన్నారా?
– ఒక రైతు, చండూరు

సమాధానం: మీ అబ్బాయి విన్నది ఆ మాటే అయితే దాన్ని సరిదిద్దాలి. పాఠం చెప్పేది అది కాదు. మీ ఇంటి కప్పు మీదికి వచ్చే కోతి మనకు పూర్వీకురాలు కాదు, ఎంతో దూరపు దాయాది. మన వంశమూ ఆ కోతుల వంశమూ ఒకే మూలం నుంచి వేరుపడి సుమారు రెండున్నర కోట్ల సంవత్సరాలు దాటింది. ఆ తరువాత ఎవరి దారి వారిది. మీ చిన్నతాత సంతతి పక్క ఊళ్లో ఇంకా ఉన్నంత మాత్రాన మీ వంశం లేకుండా పోదు కదా, ఇదీ అలాంటిదే. మనకు అందరికంటే దగ్గరి బంధువు ఆఫ్రికాలోని చింపాంజీ. దానితో మనం విడిపోయి దాదాపు 60 నుంచి 70 లక్షల సంవత్సరాలు అయిందని అంచనా.

కోతి మనిషి కావడం ఎవరూ చూడలేదు కనుక డార్విన్ చెప్పింది తప్పని, దాన్ని పాఠ్యపుస్తకాల నుంచి తీసెయ్యాలని 2018 జనవరిలో అప్పటి కేంద్ర సహాయమంత్రి సత్యపాల్ సింగ్ కూడా అన్నారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలూ ఆ మాటను ఖండిస్తూ ఉమ్మడిగా ప్రకటన విడుదల చేశాయి. కంటితో చూడకపోయినా, జరిగిన సంగతిని అది విడిచిన ఆనవాళ్లను బట్టి రుజువు చేయవచ్చు. అలాంటి ఆనవాలు మన ప్రతి కణంలోనూ ఉంది. చింపాంజీకి 24 జతల క్రోమోజోములు, మనకు 23 జతలు. ఉమ్మడి పూర్వీకుడు నిజమైతే తగ్గిన ఆ ఒక్క జత ఏమైనట్టు? మన రెండో క్రోమోజోమును పరిశీలిస్తే జవాబు దొరికింది. చింపాంజీలో విడివిడిగా ఉన్న రెండు క్రోమోజోములు మనలో కొసకు కొస అతుక్కుని ఒకటయ్యాయి. మామూలుగా క్రోమోజోము చివర్లలో మాత్రమే ఉండే డీఎన్‌ఏ వరుస మన రెండో క్రోమోజోము మధ్యలో, సరిగ్గా ఆ అతుకు పడిన చోట కనిపిస్తుంది. కణం విడిపోయేటప్పుడు క్రోమోజోమును పట్టి లాగే చోటును సెంట్రోమియర్ అంటారు. ఒక క్రోమోజోముకు అది ఒక్కటే ఉండాలి, ఇందులో రెండోదాని అవశేషం కూడా ఉంది.

తవ్వకాల్లో దొరికిన ఎముకలూ ఇదే చెబుతున్నాయి. ఇథియోపియాలో 1974లో బయటపడిన, 'లూసీ' అని పేరు పెట్టిన అస్థిపంజరం సుమారు 32 లక్షల సంవత్సరాల నాటిది. రెండు కాళ్లపై నడిచిన జీవి అది, మెదడు పరిమాణం మాత్రం చింపాంజీ మెదడుకు దగ్గరగా ఉండేది. మన దేశంలో కూడా నర్మదా లోయలోని హత్నోరా వద్ద 1982లో జియలాజికల్ సర్వే శాస్త్రవేత్త అరుణ్ సోనకియా ప్రాచీన మానవుని పుర్రె భాగాన్ని కనుగొన్నారు.

ప్రశ్న: పరిణామానికి లక్షల సంవత్సరాలు పడితే దాన్ని మేము నమ్మడం ఎలా? మన కళ్ల ముందు జరిగిన ఉదాహరణ ఏదైనా ఉందా?
– పదో తరగతి విద్యార్థి, నాగర్‌కర్నూల్

సమాధానం: ఉంది బాబూ, మీ ఊరి పత్తి చేనులోనే ఉంది. ఈ ఉదాహరణను కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని అర్థం చేసుకున్న విద్యార్థికి సహజవరణం గురించి, అంటే పరిస్థితులకు తగిన లక్షణమున్న జీవులే ఎక్కువగా బతికి సంతానాన్ని కనడం గురించి వేరే చెప్పనక్కరలేదు.

బీటీ పత్తి మన దేశంలోకి 2002లో వచ్చింది. నేలలో ఉండే ఒక బాక్టీరియా నుంచి తీసిన జన్యువును పత్తిలో చేర్చడం వల్ల మొక్కే తన ఆకుల్లో, కాయల్లో ఒక విషపు ప్రోటీన్‌ను తయారు చేసుకుంటుంది. కాయతొలిచే పురుగు దాన్ని తినగానే ఆ ప్రోటీన్ పేగు లోపలి గోడకు అతుక్కుని పేగును చిల్లులు పొడుస్తుంది, పురుగు చనిపోతుంది. 2006లో రెండు విషపు ప్రోటీన్లున్న రెండో తరం బీటీ విత్తనాలు వచ్చాయి. మొదటి కొన్నేళ్లు రైతులకు మందు కొట్టే పని బాగా తగ్గింది.

తరువాత గులాబీ రంగు పురుగు తిరిగి వచ్చింది. 2008లో గుజరాత్ చేలలో సేకరించిన పురుగులు మొదటి తరం బీటీని తట్టుకున్నట్లు తేలింది, 2014-15 నాటికి రెండో తరం బీటీ కూడా వాటిపై పని చేయడం మానేసింది. ఇప్పుడు మన జిల్లాల్లో విచ్చుకోని గుడ్డిపూలు కనబడగానే రైతు గుండె జారిపోతున్నది. పూరేకులు ముడుచుకుని దారంతో కుట్టినట్టున్న ఆ పువ్వును విప్పి చూడు, లోపల పుప్పొడి తింటున్న చిన్న పురుగు ఉంటుంది.

పురుగు విషానికి అలవాటు పడిందని మన ఊళ్లలో అనుకుంటాం. జరిగింది అది కాదు. ఏ ఒక్క పురుగూ బీటీ కాయ తిని తిని మొండిగా తయారు కాలేదు, తిన్నది చచ్చింది. కానీ కోట్ల పురుగుల్లో ఎక్కడో కొన్నింటికి పేగు గోడపై విషం అతుక్కునే ప్రోటీన్ జన్యువులోనే తేడా ఉంది. మన దేశపు చేలలో పట్టిన పురుగులను పరీక్షించినప్పుడు ఆ జన్యువులో అలాంటి మార్పులు కనిపించాయి. విషం అతుక్కోవడానికి చోటు దొరకలేదు కాబట్టి ఆ పురుగులు బతికాయి, వాటికి పుట్టినవి బతికాయి. ఊరంతా బీటీ పత్తే, ఈ పురుగు దాదాపు పత్తి తప్ప మరొకటి తినదు, ఒక పంట కాలంలోనే నాలుగైదు తరాలు గడుస్తాయి. డిసెంబరు దాటినా చేను దున్నకుండా ఇంకో రెండు ఏరుళ్ల కోసం పత్తికట్టెను అలాగే ఉంచితే ఇంకొన్ని తరాలకు అవకాశం ఇచ్చినట్టే. ఆ పరిస్థితిలో, అరుదుగా ఉన్న జన్యురూపం కొన్నేళ్లలోనే మామూలు జన్యురూపం అయింది. వైవిధ్యం, ఎంపిక, అనువంశికత మూడూ ఇక్కడ ఉన్నాయి.

దీన్ని ముందే ఊహించినవారు ఉన్నారు. అందుకే బీటీ ప్యాకెట్‌తో పాటు నాన్ బీటీ గింజల చిన్న పొట్లం ఇచ్చి, చేను చుట్టూ వరుసలుగా వేయమన్నారు. ఆ మొక్కలపై మామూలు పురుగులు బతికి, తట్టుకునే పురుగులతో జత కడితే పుట్టే పిల్లలకు తట్టుకునే జన్యువు ఒక వైపు నుంచి మాత్రమే వస్తుంది. అది అంతర్గత లక్షణం, అంటే తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడేది కాబట్టి ఆ పిల్లలు బీటీ కాయ తిని చస్తాయి. నీ పుస్తకంలోని బహిర్గత, అంతర్గత లక్షణాల పట్టిక ఇక్కడ చేనులోకి వచ్చింది చూడు. మన దగ్గర ఎంతోమంది ఆ పొట్లాన్ని పారేశారు, లేదా పోగుంటలకు వాడుకున్నారు, ఎందుకు వేయాలో వారికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. అమెరికాలోని ఆరిజోనాలో రైతులు ఈ పద్ధతిని శ్రద్ధగా పాటించడంతో ఏళ్ల తరబడి ఆ పురుగు బీటీకి లొంగే ఉంది. తరువాత గొడ్డు పురుగులను విడిచి సంతతిని తగ్గించే పద్ధతినీ దానికి జోడించారు, 2018లో ఆ దేశపు పత్తి పొలాల్లో గులాబీ పురుగును పూర్తిగా నిర్మూలించినట్లు ప్రకటించారు. పరిణామం తెలిసి చేసిన సేద్యానికీ తెలియక చేసిన సేద్యానికీ ఇంత తేడా ఉంది. అందుకే ఈ పాఠం బడిలో ఉండి తీరాలని నేను పట్టుబడతాను.

ఒక లక్షణం ఎన్ని తరాల్లో ఎంత వ్యాపిస్తుందో లెక్క కట్టే గణితాన్ని 1924 నుంచి వరుస వ్యాసాల్లో రూపొందించినవారిలో జె.బి.ఎస్. హాల్డేన్ ముఖ్యుడు. ఆయన 1957లో ఇంగ్లండ్ వదిలి మన దేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాక ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. తెలుగు విద్యార్థులు ఆయన పేరు తెలుసుకుని ఉండడం బాగుంటుంది.

ప్రశ్న: మా ఊళ్లో తాతల కాలం నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగారు. మా మామగారి నడుము వంగిపోయింది. ఆర్జితగుణాలు, అంటే బతికుండగా శరీరానికి వచ్చిన మార్పులు, సంతానానికి వస్తాయని లామార్క్ చెప్పినట్లు మా అమ్మాయి చదువుతుంటే విన్నాను. ఇన్ని తరాలు తాగాక ఈ వంకర మా పిల్లల రక్తంలోకి వచ్చేసి ఉంటుందా?
– ఒక తల్లి, మర్రిగూడ మండలం

సమాధానం: రాదమ్మా. ఈ విషయంలో మీరు నిశ్చింతగా ఉండవచ్చు. ఫ్లోరోసిస్ నీటి ద్వారా, తిండి ద్వారా శరీరంలో చేరిన ఫ్లోరైడ్ ఎముకలో పేరుకోవడం వల్ల వచ్చే జబ్బు. అది ఎముకను మారుస్తుంది గాని, సంతానానికి అందే జన్యువుల్లో వంకర నడుమును రాసిపెట్టదు. తాత నుంచి మనవడి దాకా ఇంట్లో అందరికీ ఉన్నదంటే అందరూ ఒకే బోరు నీళ్లు తాగారని అర్థం.

లామార్క్ 1809లో చెప్పింది మీ అమ్మాయి చదివినట్టే ఉంటుంది, కానీ పాఠం అక్కడితో ఆగదు. వీస్‌మన్ తరతరాలుగా ఎలుకల తోకలు కత్తిరించి చూశాడని, ప్రతి తరంలోనూ పిల్లలు తోకలతోనే పుట్టాయని ఆ తరువాత ఉంటుంది. మన జిల్లాలో దానికంటే స్పష్టమైన నిదర్శనం ఇళ్లలోనే ఉంది. పంటిపై ఉండే పింగాణి పొర చిన్నతనంలో, సుమారు ఎనిమిదేళ్ల లోపు తయారవుతుంది. ఆ వయసులో ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పిల్లల పళ్లపై గోధుమ రంగు చారలు పడి జీవితాంతం ఉండిపోతాయి. కృష్ణా నీళ్లు రాకముందు పెరిగిన పెద్దపిల్లవాడి పళ్లను, వచ్చిన తరువాత పుట్టి మొదటి నుంచీ ఆ నీళ్లే తాగిన చిన్నపిల్లవాడి పళ్లను పక్కపక్కన చూడండి. తల్లిదండ్రులు వారే, తేడా నీళ్లది. చారలు వంశపారంపర్యమైతే చిన్నవాడికీ రావాలి.

కాబట్టి మీరు చూసుకోవలసింది ఒక్కటే. తాగడానికే కాదు, వంటకు కూడా శుద్ధమైన నీళ్లే వాడండి, నల్లా రాని రోజున పాత బోరు నీళ్లతో అన్నం వండకండి. సంబంధాలు చూసేటప్పుడు ఈ ప్రాంతపు పిల్లలను వారి ఇంటి పెద్దల నడుము చూసి వద్దనుకునే వారికి కూడా ఈ సంగతి తెలియాలి. ఆ భయానికి శాస్త్రంలో ఆధారం లేదు.

ప్రశ్న: చేప, తాబేలు, వరాహం, నరసింహం, వామనుడు, ఆ పైన పూర్తి మనిషి. మన దశావతారాల్లో పరిణామక్రమం ఉన్నప్పుడు డార్విన్ పేరుతో పిల్లలకు పాఠం ఎందుకు?
– విశ్రాంత ఉద్యోగి, వనపర్తి

సమాధానం: మీ ప్రశ్న వెనుక ఉన్న అభిమానాన్ని గౌరవిస్తూనే నా అభిప్రాయం నిష్కర్షగా చెబుతాను. అవతారగాథ ధర్మం గురించి, రక్షణ గురించి చెప్పేది. అందులో ఏ అవతారమూ తరువాతి అవతారానికి పూర్వీకుడు కాదు. మత్స్యం సంతతి కూర్మం కాలేదు, వరాహం సంతతి నరసింహుడు కాలేదు, ప్రతిసారీ వచ్చింది విష్ణువే. పరిణామం చెప్పేది ఇందుకు పూర్తిగా భిన్నమైన విషయం. అది మనిషి వైపు ఎక్కే మెట్ల వరుస కూడా కాదు. ఈనాటి కృష్ణా నదిలోని చేప కూడా మనతో పాటే కోట్ల సంవత్సరాలుగా మారుతూ వచ్చిన జీవి.

శాస్త్రం ఏ పని చేయగలదో ఒక ఉదాహరణ చూడండి. చేపల నుంచి నేల మీద నడిచే జంతువులు వచ్చిన మాట నిజమైతే, ఆ రెంటికీ నడుమ ఉండే జీవి సుమారు 37 కోట్ల సంవత్సరాల నాటి, లోతులేని నీళ్లలో ఏర్పడిన రాళ్లలో ఉండాలని శాస్త్రవేత్తలు ముందుగా లెక్క వేశారు. అలాంటి రాళ్లు కెనడా ఉత్తరాన మంచు దీవుల్లో ఉన్నాయని పటం చూసి అక్కడికి వెళ్లి తవ్వారు. 2004లో టిక్టాలిక్ దొరికింది. దానికి చేపకున్న పొలుసులు, మొప్పలు ఉన్నాయి, వాటితో పాటు మెడ ఉంది, రెక్కల లోపల భుజం, మోచేయి, మణికట్టు ఎముకలను పోలిన ఎముకలు ఉన్నాయి. ఎక్కడ వెతకాలో ముందే చెప్పగలిగిన విషయాన్ని పిల్లలకు బోధించాలి. దశావతారాలను తెలుగు పాఠంలో, ఇంట్లో, గుడిలో చెప్పుకుందాం. పరిణామాన్ని నమ్మడానికి భక్తి వదలవలసిన అవసరం లేదు. పరిణామ వెలుగులో తప్ప జీవశాస్త్రంలో ఏదీ అర్థం కాదన్న అర్థంలో 1973లో వ్యాసం రాసిన డోబ్‌జాన్‌స్కీ తన క్రైస్తవ విశ్వాసాన్ని దాచుకున్నవాడు కాదు.

ప్రశ్న: శిలాజాలు చూపిద్దామని పిల్లలతో కలిసి మా ఊరి గుట్టలన్నీ తిరిగాం. ఒక్కటీ దొరకలేదు. మన జిల్లాల్లో ఎందుకు లేవు? దగ్గరలో ఎక్కడ చూడవచ్చు?
– ఒక ఉపాధ్యాయుడు, హుజూర్‌నగర్

సమాధానం: నల్గొండ, మహబూబ్‌నగర్ గుట్టల్లో ఎక్కువ భాగం గ్రానైట్, నైస్ రాళ్లు. ఇవి 250 కోట్ల సంవత్సరాలకు పైబడినవి, పైగా భూగర్భంలో కరిగి గడ్డకట్టినవి. వాటిలో ఎముక మిగిలే అవకాశమే లేదు. మీ ప్రాంతంలో సిమెంటుకు తవ్వే సున్నపురాయి నీటి అడుగున పొరలుగా పేరుకున్నదే అయినా, జంతువులకు ఎముకలు ఏర్పడక మునుపటి కాలానిది. ఆ తరహా పాత సున్నపురాళ్లలో దొరికేవి సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టుకున్న స్ట్రొమాటోలైట్లు. కడప జిల్లా వేంపల్లె రాళ్లలో అవి స్పష్టంగా కనబడతాయి. మీ గుట్టల్లో డైనోసార్ ఎముక దొరికి ఉంటే అదే పరిణామ సిద్ధాంతానికి పెద్ద ఇబ్బంది అయ్యేది, దొరకకపోవడం దానికి అనుగుణంగానే ఉందని పిల్లలకు చెప్పండి.

చూపించడానికి హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకువెళ్లండి. ప్రాణహిత-గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వారు 1970లలో తవ్వి తీసిన కోటాసారస్ అక్కడ ఉంది. జురాసిక్ యుగపు శాకాహారి డైనోసార్, పొడవు దాదాపు 14 మీటర్లు. ఒకే జంతువు ఎముకలు కావవి, పలు జంతువులవి కలిపి నిలబెట్టారు. పుర్రె దొరకలేదు కాబట్టి తల తయారు చేసి పెట్టినదని కూడా ముందే చెప్పండి, లేకుంటే పిల్లలు అదీ అసలుదే అనుకుంటారు. ముందు కాలి దగ్గర కాసేపు ఆపండి. భుజం నుంచి కిందికి ఒకే ఎముక, మోచేయి కింద రెండు ఎముకలు, ఆ కింద వేళ్ల ఎముకలు. ప్రతి విద్యార్థీ తన చేతిని తడుముకుంటూ అదే వరుసను లెక్కపెట్టుకుని, నోటు పుస్తకంలో రెండు బొమ్మలూ పక్కపక్కన గీసి ఎముకల పేర్లు రాయాలి. నిర్మాణసామ్య అవయవాల మీద, అంటే పని వేరైనా లోపలి నిర్మాణం ఒకేలా ఉన్న అవయవాల మీద ప్రశ్న వచ్చినప్పుడు గబ్బిలం రెక్క, తిమింగలం తెడ్డుతో పాటు ఈ ఉదాహరణను కూడా రాయవచ్చు.